గాలిది కాదు తప్పు, గోడది!

2011 మార్చి. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో రోడ్డు మీద నడుస్తున్న ఒక మనిషి లారీ కింద నలిగి చనిపోయాడు. లారీ వచ్చి గుద్దలేదు. గాలికి లేచి అతని మీద పడింది. పక్కనే 2007లో పూర్తయిన 32 అంతస్తుల బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ ఉంది. విధి అని సరిపెట్టుకుందామా?

గాలి నేల దగ్గర మెల్లగా, పైన జోరుగా వీస్తుంది. చిన్న ఇండ్లు కూలగొట్టి నడుమ ఒక టవర్ లేపితే ఆ పైగాలి గోడకు కొట్టుకొని కిందికి దూకుతుంది. మూల తిరిగేచోట వేగం పెంచుకుంటుంది. రెండు టవర్ల సందు దొరికితే ఇక పట్టపగ్గాలుండవు. పైన ఫ్లాట్ కొన్నోడికి చల్లగాలి, కింద నడిచేటోడికి చావుగాలి!

మనిషి పోయాక లీడ్స్‌లో గాలి పెరిగినప్పుడల్లా రోడ్లు మూశారు. చివరికి గాలిని విరిచే పెద్ద అడ్డుతెరలు కట్టారు. కట్టకముందు కాగితం మీద సరిచేయాల్సిన తప్పు అది. 2019లో లండన్ సిటీ పాలకసంస్థ గాలి పరీక్షలపై మార్గదర్శకాలే ఇచ్చింది. నడిచేవాళ్లకు, సైకిలు తొక్కేవాళ్లకు ఏమవుతుందో ముందే లెక్క చూపాలంది.

మరి మన హైదరాబాద్? 2006లో 86వ నంబర్ జీవోతో స్థలాన్ని బట్టి ఎంత కట్టాలనే హద్దు ఎత్తేశారు. కోకాపేటలో యాభై అంతస్తులు దాటి లేచాయి. వానకాలంలో పడమటి గాలి జోరు ఎట్లుంటదో ఇక్కడి బస్టాపులో నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు. ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం గాలికి కట్టడం నిలుస్తుందా అని లెక్కేస్తారు. మంచిదే. కానీ ఆ కట్టడం పక్కన మనిషి నిలుస్తాడా? ఆ లెక్క ఏ ఫైల్లో ఉంది? ఉంటే జనం ముందు పెట్టండి!

ఇట్లా అడిగితే అభివృద్ధికి అడ్డమంటారు. టవర్లు వద్దని ఎవరన్నారు? అనుమతికి ముందే చుట్టుపక్కల ఇండ్లతో సహా నమూనా చేసి గాలి సొరంగంలో పరీక్షించండి. మూలలు గుండ్రం చేయండి. కింది అంతస్తులు వెడల్పు చేసి టవర్‌ను వెనక్కి జరపండి. నడిచే దారిపై కప్పు వేయండి. ఖర్చు లాభం తినేవాడే పెట్టాలి.

ఫుట్‌పాత్ ఎవడబ్బ సొత్తూ కాదు. దాని మీద వీచే గాలికీ జవాబుదారీ కావాలి. మన వీధిలో టవర్ లేస్తుందంటే ముందు గాలి నివేదిక అడుగుదాం. శవం లేచాక కాదు, గోడ లేవకముందే!