ఏడుపు క్లాసు

ఈ వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఓ వీడియో తిరిగింది. ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుపుతున్నారు. షామియానా కింద పట్టాల మీద వందలమంది పిల్లలు, స్టేజీ మీద కోటు తొడుక్కున్న వక్త గారు, వెనకాల కీబోర్డు మీద విషాద సంగీతం. 'నువ్విక్కడ బిర్యానీ తింటుంటే మీ నాన్న ఎండలో మాడుతున్నాడు. మీ అమ్మ మెడలో పుస్తెలతాడు ఏమైందో ఎప్పుడైనా అడిగావా?' అని ఆయన గద్దిస్తున్నాడు. వెక్కివెక్కి ఏడుస్తున్న ఓ ఆడపిల్ల ముఖం మీదికి కెమెరా జరిగి అక్కడే ఆగిపోయింది. కింద మావాళ్లు పెట్టిన దండాల బొమ్మలు. 'ఇలాంటివి ప్రతి కాలేజీలో జరగాలి' అని మా పెద్దబావ.

జరుగుతూనే ఉన్నాయి బావా. అదే నా బాధ.

తన ఫీజు కోసం ఇంట్లో ఏం తాకట్టు పెట్టారో పదహారేళ్ల పిల్లకి ఒకరు గుర్తు చెయ్యాలా? వార్డెన్ ఫోన్లో, వెనక పాతికమంది లైన్లో నిలబడి వింటుండగా, అమ్మతో మాట్లాడే ఆ నాలుగు నిమిషాల్లో 'బాగానే ఉన్నానమ్మా' అని అబద్ధమాడేది అందుకే కదా. ఆ పిల్లకి కావలసింది బరువు దింపే మనిషి. మనమేమో మైకు పెట్టి మరో బస్తా ఎత్తుతున్నాం, పైగా దానికి మానసిక ఆరోగ్యం అని పేరు.

సుప్రీంకోర్టు చెప్పింది ఇది కాదు. విశాఖలో నీట్ కోచింగుకి చేరిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోతే, ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న తీర్పు వచ్చింది. మొత్తం 15 మార్గదర్శకాలు. 100 మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్నో పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. (టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.) మార్కుల్ని బట్టి బ్యాచులు విడదియ్యడం, నలుగురిలో పరువు తియ్యడం 'సాధ్యమైనంత వరకు' మానుకోవాలి. ఆ ఒక్క 'సాధ్యమైనంత వరకు' చాలు మనవాళ్లకి. స్టార్ బ్యాచులు, సూపర్ బ్యాచులు అలాగే ఉన్నాయి. కౌన్సెలర్ ఎవరని అడిగితే, ఖాళీ పీరియడున్న బోటనీ మేడమ్‌ని చూపిస్తారు. పొద్దున ఆవిడకి చెప్పుకున్న మాట సాయంత్రానికి ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఉంటుందని తెలిసిన పిల్ల నోరు విప్పుతుందా?

కమిటీలకేం కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంటర్ పిల్లల ఆత్మహత్యల మీద నీరదారెడ్డి కమిటీ వేసింది 2001లో. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇంటర్ గట్టెక్కి ఉద్యోగాల్లో కూడా చేరిపోయారు. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క తేల్చింది. 2019 ఏప్రిల్ తెలంగాణ ఇంటర్ ఫలితాలు మరిచిపోయారా? తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా వేశారు. తప్పినవాళ్ల పేపర్లన్నీ తిరిగి చూస్తే 1,137 మంది పాసని తేలింది. అప్పటికే ఇరవైమంది పైగా పిల్లలు లేరు. ఆ తప్పులు చేసింది పెద్దవాళ్లు. వాళ్లని పట్టాల మీద కూర్చోబెట్టి ఏడిపించిన వక్త గారెవరూ నాకు కనబడలేదు.

నన్నడిగితే, అడక్కపోయినా చెబుతాననుకోండి, ముందు గ్రౌండు కావాలి. కౌన్సెలర్ కంటే ముందు. మన జూనియర్ కాలేజీలు ఎన్ని అపార్టుమెంట్లలో, షాపుల పై అంతస్తుల్లో నడుస్తున్నాయో చూడండి. కారు పార్కింగే అసెంబ్లీ, అదే భోజనశాల. తెల్లవారుజామున లేపితే రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా ఆ పిల్లల ఒంటికి ఎండ తగలదు. బళ్లలో మాత్రం ఏముంది! పదో తరగతికి దసరా దాటిందంటే ఆటల పీరియడు లెక్కల మాస్టారిది. పీఈటీ గారు హాల్ టికెట్ల పని చూసుకుంటుంటారు. ఆడపిల్లలకైతే ఆ పీరియడు మొదట్నుంచీ ఉత్త మాటే. సాయంత్రం గంటసేపు వాలీబాల్ ఆడే పిల్లవాడు రోజూ ఓడిపోతాడు. ఓడిపోయి, పక్కవాణ్ణి రెండు తిట్లు తిట్టి, కాళ్లు కడుక్కుని అన్నానికి పోతాడు. ఈ చదువు ఏ ప్యాకేజీలోనూ దొరకదు. మన అకడమిక్ డీన్లకి ఇది సమయం వృథా కింద లెక్క. దసరా సెలవుల్లో కూడా దొంగచాటుగా క్లాసులు పెట్టేవాళ్లకి ఇంకేం చెబుతాం?

అయినా వాళ్లనొక్కళ్లనే అని ఏం లాభం? రేపు ఏప్రిల్ వస్తుంది. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ పత్రికల మొదటి పేజీలు నిండిపోతాయి. ఒకే కుర్రాడు రెండు సంస్థల ప్రకటనల్లోనూ నవ్వుతుంటాడు. ఆ ఫోటోల్లో లేని లక్షలమందీ అదే పేపరు, అదే పొద్దున, ఇంట్లోవాళ్ల ఎదురుగా తిరగెయ్యాలి. మా పత్రికా అందుకు మినహాయింపేం కాదు. ఆ రోజు ఓ మూల నాలుగంగుళాల చోటిచ్చి 14416 వెయ్యమని మా ఎడిటర్ గారికి అర్జీ పెట్టాను. మొదటి పేజీలో ఆ సైజుకి రేటెంతో ప్రకటనల విభాగాన్ని కనుక్కుని చెబుతానన్నారు.