దెబ్బ ఆటలో భాగమే, తల కాదు

2021 మే నెలలో బ్రిస్బేన్‌లో జరిగిన మ్యాజిక్ రౌండ్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తలకు తగిలే టాకిల్‌ను ఇక ఉపేక్షించేది లేదని చెప్పిన ఎన్.ఆర్.ఎల్., ఆ ఒక్క వారాంతంలోనే ముగ్గురిని ఆట నుంచి పంపేసి, 14 మందిని పదేసి నిమిషాలు సిన్ బిన్‌లో కూర్చోబెట్టింది. ఆటను చంపేస్తున్నారని పెద్ద గగ్గోలు. 2013లో షోల్డర్ చార్జ్‌ను నిషేధించినప్పుడూ ఇదే గోల. ఆట నిక్షేపంగా ఉంది.

ఒళ్ళు ఒళ్ళు ఢీకొనడమే రగ్బీ లీగ్‌కు ప్రాణం. అది లేకపోతే మిగిలేది టచ్ ఫుటీయే. నిజమే. కానీ నడుము పట్టి పడగొట్టేవాడికి కావలసినంత బలం దవడ మీద కొట్టేవాడికి అక్కర్లేదు. 2022లో మరణించిన కోచ్ పాల్ గ్రీన్ మెదడులో, తలకు పదే పదే దెబ్బలు తగిలినవారికి వచ్చే సి.టి.ఇ. అనే జబ్బు బయటపడింది. ఆ మూల్యం ఏ ట్రోఫీతోనూ తీరదు.

మా అభ్యంతరమల్లా ఒకటే. రూలు మార్చిలో కఠినంగా, ఫైనల్స్‌లో మెత్తగా ఉండకూడదు. రిఫరీ విజిల్ స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లోనూ ఒకేలా మోగాలి. అప్పుడే ఆటగాడు కిందికి వంగి టాకిల్ చేయడం నేర్చుకుంటాడు.

కంకషన్ అయిన ఎన్.ఆర్.ఎల్. ఆటగాడికి సాధారణంగా కనీసం 11 రోజుల విశ్రాంతి ఉంది. మరి శనివారం పొద్దున క్లబ్బులో ఆడే మన పిల్లవాడికి? దెబ్బ తగిలాక వాణ్ణి మళ్ళీ దింపాలా వద్దా అని నిర్ణయించేదెవరో, ఫీజు కట్టే ముందే కోచ్‌ని అడగండి.