బడియు బ్రతుకును

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో బడులు లేవని నేడెవ్వరును చెప్పజాలరు. నైజాము కాలమున ఖాన్గీ బడి పెట్టుటకైనను సర్కారువారి యనుమతి వేడవలసియుండెను. పై చదువు ఉర్దూలో సాగుటచే తెలుగు బాలుడు భాషతోడనే సగము ప్రొద్దు పెనగులాడెడివాడు. ఆ దినములు గతించినవి. కాని గోడలు లేచినంత మాత్రమున బడి లేచినట్లు కాదు. బడిలో నేర్చినది బ్రతుకున నక్కరకు వచ్చుచున్నదా యను ప్రశ్నను మనము అడుగవలసియే యున్నది.

ఈ సీమ బాలుర కనుల యెదుటనే రెండు మహాగ్రంథములు తెఱచియున్నవి. 1922లో పూర్తియైన పోచారము జలాశయ మొకటి. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిర్మింపబడిన నిజాంసాగరము రెండవది. 2025 ఆగస్టు చివర కురిసిన కుండపోత వానకు కామారెడ్డి వీధులు వాగులైనవి, రైలు కట్ట కోసుకొనిపోయినది; నూఱేండ్లు దాటిన పోచారము కట్ట మాత్రము ఆ వఱద కోర్చి నిలిచినది. ఏల నిలిచెను? అలుగు చేయు పని యేమి? వాగు దారి నడ్డగించిన నీరెటు పోవును? ఇవి పరీక్షకు వచ్చు ప్రశ్నలు కాకపోవచ్చును; ఇల్లు మునిగినవానికి ఇంతకన్న ముఖ్యమైన ప్రశ్నలు లేవు.

మఱియొక యుదాహరణము. కొనుగోలు కేంద్రమున వడ్ల తేమ నూటికి 17కు మించరాదని నియమము. తేమ యనియు తాలనియు తరుగు తీయుదురు. నూటికింతయను లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొన్న కుఱ్ఱవాడు తండ్రి చేతిలోని రసీదు చూచి, ఈ తరుగు న్యాయమా యన్యాయమా యని తేల్చలేకపోయినచో, ఆ మార్కు లెవరి నుద్ధరించును?

ఈ తలంపు మనకు క్రొత్త కాదు. 1910లో బందరున వెలసిన ఆంధ్రజాతీయకళాశాల గ్రంథముతోపాటు చేతిపనిని నేర్పినది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు బోధించిన నయీతాలీమునకు ప్రణాళిక వ్రాసిన సంఘమున కధ్యక్షుడు హైదరాబాదున జన్మించిన జాకీర్ హుస్సేనుగారు. అది దేశమున నిలువలేదు. కలవారి బిడ్డలకు పుస్తకములు, బీదల బిడ్డలకు రాట్నములా యని జనులు శంకించిరి. ఆ శంక నిర్హేతుకము కాదు. తరతరములుగా చాకిరి చేసినవాడు తన బిడ్డను పొలమునకు గాక బడికి పంపుచున్నాడు. ఆ బడియు పొలమునకే త్రోలినచో అతడు సహింపడు. కావున మేము కోరునది కూలిపని కాదు. వానను, నీటిని, నేలను, అంగడిని కొలుచుట, వ్రాయుట, ప్రశ్నించుట. ఇది కలవారి బిడ్డకును లేనివారి బిడ్డకును సమానముగా జరుగవలయును.

ఇందులకు శాసన మడ్డు రాదు సరికదా, తోడుపడుచున్నది. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము, చేసి చూచి వెదకి నేర్చుకొను పద్ధతినే విధించినది. ఉపాధ్యాయుడు వేళకు, క్రమము తప్పక రావలయుననియు, జనగణన, విపత్సహాయము, ఎన్నికలు తప్ప నితర పనులకు అతనిని పంపరాదనియు శాసించినది. సర్కారు బడి నిర్వాహక సంఘమున నాలుగింట మూడువంతులు తలిదండ్రులే యుండవలయుననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలయుననియు చెప్పినది. 2020 నాటి జాతీయవిద్యావిధానము 6 మొదలు 8 తరగతులవారికి పదిదినములు సంచిలేని చదువును సూచించినది. చట్టమున కొదువ లేదు. కొదువ యెల్ల దీక్షయందే.

దీక్ష యుత్తరువుతో రాదు. వేళకు వచ్చు ఉపాధ్యాయునిజూచి విద్యార్థి వేళ నేర్చును. ఉపాధ్యాయుని వేళకు రమ్మనుటకు ముందు, అతనిని కాగితముల చాకిరినుండి విడిపింపవలయును. తలిదండ్రులు సంతకమునకు గాక ప్రశ్నించుటకై సంఘమునకు పోవలయును.

ఇక పఠనమందిరమున నీ పత్రిక చదువు పట్టణవాసులారా! మీలో వకీళ్లున్నారు, ఇంజనీర్లున్నారు, వర్తకులున్నారు, ఉద్యోగము విరమించిన పెద్దలున్నారు. నెలకొక్క పూట సమీపమున నున్న సర్కారు బడికి పొండు. దస్తావేజు చదువుట వకీలు నేర్పవచ్చును. తూము పనిచేయు తీరు ఇంజనీరు చూపవచ్చును. తూకము మర్మము వర్తకుడు చెప్పవచ్చును. మన బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపి, సర్కారు బడి చెడినదని అరుగులపై విచారించుట దేశసేవ కానేరదు. వచ్చు వానకాలము నాటికి ప్రతి బడియందు ఒక వానకొలత పాత్రయు, దాని లెక్క వ్రాయు పిల్లలును ఉండునట్లు చేయుడు. పని యచ్చట నారంభమగుగాక!