పెరటిలో చివరికాపు మామిడి

మధురవాడలోను, దాని చుట్టుపట్లను ఇల్లు కట్టుకొనినవారు పెరటిలో నాలుగు గజముల చోటు మిగిలినచో మామిడి అంటు నాటక మానరు. ఆ యంటు తరచుగా సువర్ణరేఖ, కానిచో బంగినపల్లి. రెండును మంచి జాతులే. సువర్ణరేఖ మన విశాఖ ప్రాంతమునకు పేరు తెచ్చిన పండు. దాని బుగ్గమీది యెరుపును జూచియే సుందరి యనియు పిలుచుచున్నారు. అయినను ఒక్క చెట్టునకు మాత్రమే తావున్న గృహస్థు ఆ తావును ముందుకాపు జాతికిచ్చుట తగదని మా యభిప్రాయము. సువర్ణరేఖ చైత్ర వైశాఖములలో వచ్చును. బంగినపల్లి దాని వెన్నంటియే వచ్చును. అప్పుడు రైతుబజారులోను, జాతీయ రహదారి ప్రక్కలను అవే పండ్లు గుట్టలుగా నుండును. ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదమన్నను వారి యింటను అవే. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడునప్పటికి చెట్టు బోసిపోవును. పిల్లలు మాత్రము అడుగుట మానరు. పెరటి చెట్టు అక్కరకు రావలసిన కాలము అది గదా!

కావున మన సభ్యులలో ఈ వర్షాకాలమున అంటు నాటదలచినవారు చివరికాపు జాతిని నాటుకొనవలెనని మేము కోరుచున్నాము. అయితే దీనికొక షరతు కలదు. చివరికాపు చెట్టును ఒక్క యింటివారు ఎంత శ్రద్ధతో పెంచినను, ఇరుగుపొరుగువారు కలిసిరానిచో దాని పండు నోటికి రాదు. ఆ సంగతి చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా జాతులను గూర్చి. దక్షిణదేశమున చివరికాపు అనగా మొదట స్మరింపవలసినది నీలము. పండు మధ్యమప్రమాణము, పసుపుపచ్చనిది, మంచి పరిమళము కలది. కోసిన పిదప పెక్కు దినములు నిలువయుండును. ఏటేట కాచుట దీని గొప్పగుణము. ఒకయేడు విరగగాచి మరుసటియేడు ముఖము చాటువేయు చెట్టును ఇంట పెట్టుకొనుట కంటె ఇది మేలు. దీని కాయలో టెంకపురుగు చేరుట మెండు. ఆ సంగతిని దాచి నీలమును పొగడుట న్యాయము కాదు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1970వ దశకారంభమున నీలమును, ఉత్తరదేశపు దశేరిని కలిపి రెండు సంకరజాతులను వెలువరించిరి. నీలము తల్లి, దశేరి తండ్రి అయినది మల్లిక. దశేరి తల్లి, నీలము తండ్రి అయినది ఆమ్రపాలి. మల్లిక పండు పెద్దది, టెంక పలుచనిది. చెట్టుననే పండనీయక ముదిరిన కాయను కోసి గడ్డిలో మాగవేసిననే దాని రుచి తెలియును. ఆమ్రపాలి పొట్టిచెట్టు. తోటలలో రెండున్నర మీటర్ల యెడమున నాటుచున్నారనిన అది ఎంత తక్కువ చోటున ఇముడునో ఊహింపవచ్చును. ఇదియు ఏటేట కాచునదే. పండు మాత్రము చిన్నది. మూడు సెంట్లలో ఇల్లు కట్టుకొనినవారికి ఇంతకంటె తగిన చెట్టు మాకు కనబడదు. సంగారెడ్డి ఫలపరిశోధన స్థానమువారి మంజీరయు రుమానీ, నీలముల సంతానమే, అదియు పొట్టిదే. పునాసను వీనితో కలిపి చెప్పుచుందురు గాని అది అకాలపు కాపు. ఊరగాయకు మంచిదే, పండుకొరకు నాటినవాడు విచారించును.

అంటు కొనుటలోని మోసమును గూర్చి ఒక మాట. బండిమీద మొక్కలు తెచ్చి వీధులలో అమ్మువారు మనమే పేరడిగిన ఆ పేరే చెప్పుదురు. మొక్క ఏ జాతిదో కాయ కాచినగాని తెలియదు. అందుకు నాలుగైదేండ్లు పట్టును. అప్పటికి అమ్మినవాడు ఏ యూర నున్నాడో! కావున సభ్యులందరి కోరికలను ఒక పట్టికగా వ్రాసికొని, ప్రభుత్వ ఉద్యానశాఖ వారి నారుమళ్ల నుండి గాని వ్యవసాయ విద్యాలయముల నుండి గాని సంఘమే ఒక్కుమ్మడిగా అంట్లను తెప్పించుట ఉచితము. అంటు కట్టిన అతుకు నేలకు జానెడు పైనుండవలెను. అతుకు క్రిందనుండి పుట్టు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. లేనిచో కొన్నేండ్లకు అంటు పోయి టెంకమొక్క మిగులును.

గోతులు త్రవ్వుట, పెంటయెరువు వేయుట మొదలగునవి మన సభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. చెప్పవలసినవి మూడు సంగతులు మాత్రమే.

మొదటిది ఇంటినీరు. స్నానపు గది నీటిని, గిన్నెలు కడిగిన నీటిని ఏడాది పొడవునను మామిడి మొదటికి వదలుట మన ఇండ్లలో వాడుక. చెట్టు పచ్చగా కలకలలాడుచుండును, పూత మాత్రము రాదు. అప్పుడు చెట్టు గొడ్డుదని నిందింతురు. పూతకు ముందు రెండు నెలలపాటు మామిడికి ఎండుదల కావలెను. కార్తికము మొదలు పూత బయటపడువరకు ఆ కాలువను అరటికో కొబ్బరికో మరల్చి, పిందె బఠాణీగింజంత అయిన పిదప మరల మామిడికి పెట్టవలెను.

రెండవది కోత తరువాతి కాలము. సువర్ణరేఖకు వైశాఖమున కోత ముగిసినచో క్రొత్తచిగురు వేసి ముదురుటకు ఆరునెలల గడువుండును. నీలమునకు ఆషాఢమువరకు కాయ నిలిచినచో ఆ గడువు తగ్గిపోవును. కావున చివరి కాయ కోసిన వారమునందే ఎండుపుల్లలను, లోపలికి పెరిగిన కొమ్మలను తీసివేసి ఎరువు వేయవలెను. శ్రావణము గడచిపోనిచ్చినవాడు మరుసటియేటి కాపులో కొంత పోగొట్టుకొనును. ఇట్లు గాలి వెలుతురు చొరనిచ్చిన చెట్టునకు వానలలో వచ్చు మచ్చతెగులును తగ్గును.

మూడవది ఎత్తు. సముద్రమునకును కొండలకును నడుమ నున్న మన నేలకు తుపానులు క్రొత్త గావు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముననే తీరము దాటినప్పుడు ఎన్ని మహావృక్షములు కూలినవో కండ్లార చూచిన వారమే. పన్నెండు పదునైదు అడుగులకు మించనీయక కత్తిరించుచు వచ్చిన చెట్టునకు గాలిదెబ్బ తక్కువ తగులును. కాయ చేతికందును, సంచి తొడుగుటకును వీలుండును.

ఇక సంచి తొడుగవలసిన యక్కర ఏమనగా, పండుఈగ. వానకాయ పురుగుకాయ యని మన పెద్దలు అనుటలో అబద్ధము లేదు. ఈ యీగ ముదురుచున్న కాయ తోలులో సూదివంటి అవయవముతో గ్రుడ్లు పెట్టును. పైకి చిన్నచుక్క మాత్రమే కనబడును, లోపల పురుగులు గుజ్జును తినివేయును, కాయ రాలును. పురుగు కాయను విడిచి నేలలో బెత్తెడు లోపుననే గూడుకట్టి మరల ఈగయై లేచును. మన వేసవి వేడిమిలో ఇంచుమించు ఒక నెలలో ఒక తరము పూర్తియగును. ఇచ్చట పాఠకులు లెక్క వేయవలెను. మే నెలలో పొరుగింటివారి సువర్ణరేఖ క్రింద రాలి కుళ్లిన కాయల నుండి లేచిన ఈగలే జూనులో మీ నీలమును పట్టుకొనును. పొరుగువారి చెట్టునకు అప్పటికి కాయలు లేవు. వారికి నష్టము లేదు. ముందుకాపువారి అశ్రద్ధకు చివరికాపువారు మూల్యము చెల్లించుచున్నారు. కావుననే ఒకటి రెండేండ్లు చూచి, విసిగి, నీలమును నరికివేసి అచ్చటను సువర్ణరేఖనే నాటుచున్నారు.

నరకవలసిన పని లేదు. ఈ యీగకు మందు మన దేశముననే కనుగొనబడినది. బీహారులోని పూసా పరిశోధనాలయమున కీటకశాస్త్రజ్ఞుడుగా నుండిన హౌలెట్టుగారు సిట్రొనెల్లా నూనె వాసనకు మగ యీగలు మూగుటను 1912లో ప్రకటించిరి. మిథైల్ యూజినాలు అను ద్రవ్యమునకు వానిని లాగు శక్తి కలదని 1915లో తెలిపిరి. మన తులసిలోను ఈ ద్రవ్యము కలదు. దీనితో తడిపిన చెక్కముక్కను కొంచెము పురుగుమందుతో చేర్చి డబ్బాలో వ్రేలాడగట్టినచో మగ యీగలు వచ్చి చచ్చును. ఇప్పుడు ఈ బుట్టలు సిద్ధముగా అమ్మబడుచున్నవి. లోపలి చెక్కను రెండు నెలల కొకసారి మార్చిన చాలును.

అయితే ఈ ఎరకు మగవే వచ్చును. గ్రుడ్లు పెట్టునది ఆడది. ఒక్క పెరటిలో ఒక్క బుట్ట కట్టినచో మీ మగ యీగలు చచ్చును. నాలుగిండ్ల అవతల జతకట్టిన ఆడ యీగ నిశ్చింతగా వచ్చి మీ కాయలోనే గ్రుడ్లు పెట్టును. వీధి వీధియంతయు ఒక్కసారి కట్టిననే ఫలము. జపాను దేశమువారు ఒకినావా మొదలగు నైరుతి దీవులలో ఈ ఎరనే ముఖ్యసాధనముగా వాడి, కొన్నిచోట్ల గొడ్డుచేసిన మగ యీగలను వదలి, 1986 నాటికి తమ దేశమున ఈ జాతి యీగను నిర్మూలించిరి. మనది దీవి కాదు. అంత ఫలమును ఆశింపరాదు. తగ్గించుట మాత్రము మన చేతిలోని పని.

బుట్టలకంటెను ముఖ్యమైనది రాలినకాయ. ప్రతిదినము ఉదయము రాలినవానిని ఏరి మోకాలిలోతు గోతిలో పూడ్చవలెను. పెంటకుప్పలో వేసినను, గోడ అవతలికి విసరినను ఈగకు ఉపకారము చేసినట్లే. తిన్న టెంకలను చెట్టు మొదట పారవేయుటయు మానవలెను. టెంకపురుగు వానినుండియే వెలువడి బెరడు పగుళ్లలో దాగి మరుసటియేటి పిందెకు కాచుకొనియుండును. కోసిన కాయలను 48 డిగ్రీల వేడినీటిలో ఒక గంట ఉంచినచో లోపలి గ్రుడ్లు, చిన్నపురుగులు చచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఉష్ణమాపకము లేకుండ ఈ పని చేయరాదు; కాయ ఉడికిపోవును.

అన్నిటికంటె చిక్కైనది ఖాళీ స్థలముల సంగతి. మధురవాడ 2005లో మహా విశాఖ నగరమున చేరినది మొదలు పొలములు, తోటలు ఇండ్లస్థలములగుచున్నవి. రాళ్లు పాతిన స్థలములలో పాత మామిడిచెట్లు అక్కడక్కడ నిలిచియున్నవి. యజమానులు ఎక్కడనో ఉందురు. కాయలు పిల్లలు కోసినన్ని కోయగా మిగిలినవి రాలి కుళ్లుచుండును. ఈ చెట్లను కొట్టించవలెనని కొందరు సభ్యులు వాదించుచున్నారు. మేము ఒప్పుకొనజాలము. ఇండ్లనడుమ నీడనిచ్చు పాతచెట్టును ఈగకొరకు నరుకుట ఎలుకకొరకు ఇల్లు తగులబెట్టుటయే. యజమానుల అనుమతి పొంది, కాయ కోయు హక్కును రాలినవి ఏరు బాధ్యతతో కూడ ప్రక్కయింటివారికి అప్పగించుట మేలు. కాయ దక్కునను ఆశ యున్నచో ఏరువారు దొరకుదురు.

సంఘము ఎరబుట్టలను టోకున కొని, చెట్టు ఏ జాతిదైనను, చెట్టున్న ప్రతి యింటికిని అసలు ధరకే ఈయవలెనని మా సూచన. చివరికాపువారికి మాత్రమే యిచ్చిన ప్రయోజనము లేదని పైన చెప్పియే యున్నాము. సభ్యులు కాని ఇండ్లకును ఈయవలెనా యను ప్రశ్న వచ్చును. ఈగకు సభ్యత్వము తెలియదు గనుక ఈయవలెను. పిందె నిమ్మకాయంత అగునప్పటికి బుట్టలు కొమ్మలకు వ్రేలాడుచుండవలెను. స్థలముల యజమానులకు వ్రాయవలసిన ఉత్తరములు సంక్రాంతి లోపల పోవలెను. బదులు వచ్చునప్పటికి పూత కాలము రానే వచ్చును.