ట్రాక్టరు మొరాయించినపుడు

తుంగభద్ర ఎడమకాలువకు నీరు వదలినంతనే సింధనూరు, గంగావతి, కారటగి ప్రాంతములలోని మన క్యాంపులన్నిటను ఒక్కసారిగా దమ్ము పని మొదలగును. నారు ముదరక మునుపే నాటు పడవలెను. అట్టి దినములలో తెల్లవారుజామున ట్రాక్టరు కదలక మొరాయించినచో ఆ యింటి గతి యెట్లుండునో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. కూలీలు గట్టుమీద కూర్చుందురు. యజమాని ఫోను చేతబట్టుకొని మెకానిక్కు కొరకు వెదకును. ఆ మెకానిక్కు అప్పటికే పదియిండ్లవారికి మాట యిచ్చియుండును. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయిన నాటినుండి, నీరున్నపుడే పని ముగించుకొనవలెనను తొందర అందరికిని హెచ్చినది. ఒక పూట పోయినను అది చిన్న నష్టము కాదు.

ఇందులో మమ్ము బాధించు విషయ మొకటి కలదు. మెకానిక్కు వచ్చి చూచిన పిదప తేలు కారణములలో చాలభాగము ఇంటివారే పావుగంటలో కనిపెట్టదగినవి. మన పెద్దలు 1950ల తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి యీ నల్లరేగడికి వచ్చినపుడు, ఎద్దు కుంటినచో ఏ గిట్టలో ముల్లు గ్రుచ్చుకొన్నదో తామే చూచుకొనిరి. వారి మనుమలు లక్షలు పోసి కొన్న యంత్రమునకు మూత యెత్తియైనను చూడరు. ఇది చేతగానితనము కాదు. వారికి తెలిసిన మాటలలో చెప్పువారు లేకపోవుటయే యని మా అభిప్రాయము.

మొదట వినవలసినది చప్పుడు. తాళము త్రిప్పినపుడు ఏ సవ్వడియు లేదా, టక్కుటక్కుమని మాత్రము కొట్టుకొనుచున్నదా, లేక ఇంజను బాగుగనే తిరుగుచు అంటుకొనకున్నదా? సవ్వడి లేనిచో హెడ్‌లైటు వేసి తాళము త్రిప్పి చూడవలెను. దీపము ఆరిపోయినను, మినుకుమినుకుమన్నను లోపము బ్యాటరీలోనో దాని తీగల బిగింపులోనో ఉన్నదన్నమాట. దీపము తగ్గకుండ వెలుగుచుండియు సెల్ఫు పలుకకున్నచో గేరు న్యూట్రల్‌లో నున్నదో లేదో, క్లచ్చి అడుగంట త్రొక్కితిరో లేదో చూడుడు. ప్రాణరక్షణకై పెట్టిన స్విచ్చి అనేక ట్రాక్టర్లలో అడ్డుపడును. టక్కుటక్కు శబ్దమునకు సాధారణముగ బ్యాటరీ బలహీనతయో, కొనలమీద పేరుకొన్న తెల్లని, పచ్చని పొడియో కారణము. నిండు బ్యాటరీ విశ్రాంతిగ నున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో దాదాపు ఖాళీయే. కొనలు శుభ్రము చేయునపుడు ఎర్తుతీగ ముందు విప్పి, చివర బిగింపవలెను. బీడీ దూరముగ నుంచవలెను.

ఇక ఇంజను తిరుగుచు అంటుకొననిచో, మన క్యాంపులలో మిక్కిలి తరచుగ జరుగునది ఇదియే గనుక, కొంత విపులముగ చెప్పవలసియున్నది. పొగగొట్టము చూడుడు. తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు లోనికి చేరుచున్నది గాని మండుట లేదు. పొగ యేమియు రానిచో డీజిలే అందుట లేదు. రాత్రి ఇంజను ఆపుటకు లాగిన తీగపిడిని తిరిగి లోనికి నెట్టితిరా? నవ్వవలదు, ఈ చిన్న పిడికొరకు మెకానిక్కును రప్పించిన యిండ్లు కలవు. ఆ పిదప ట్యాంకు అడుగునగల కుళాయి, ఫిల్టరు.

ట్యాంకు పూర్తిగ ఎండిన తరువాత డీజిలు పోసినంతమాత్రమున బండి కదలదు. గొట్టములలో గాలి నిలిచియుండును. దీనినే మనవారు ఎయిరు పట్టినదందురు. ఫిల్టరు తలమీది చిన్న మరను ఒకటి రెండు చుట్లు వదులుచేసి, చేతిపంపును కొట్టుచుండవలెను. మొదట నురుగు వచ్చును. బుడగలు లేని ధార కారుచుండగనే మర బిగింపవలెను. పాతరకపు ఇంజన్లకు పిదప పెద్దపంపు మరవద్దను ఇట్లే చేయవచ్చును. అయితే 2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తి మించిన క్రొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమైనవి. వానిలో కామన్‌రైలు పద్ధతిగల ఇంజన్ల గొట్టములు ఇంటివద్ద విప్పరాదు. ఆ ఒత్తిడిగల డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. వానలలో సగము ఖాళీ ట్యాంకు నుంచినచో లోపల చెమ్మ పట్టి నీరు చేరును. సాయంకాలమే నింపుకొనుట మేలు. సెల్ఫును పది పదునైదు క్షణములకు మించి ఒక్కబిగిని కొట్టరాదు.

ఒక అలవాటును మాత్రము మేము గట్టిగ ఖండించుచున్నాము. తాళము పలుకలేదని నేలమీద నిలిచి, సెల్ఫు కొనలను పానాతోనో స్క్రూడ్రైవరుతోనో తాకించి ఇంజను తిప్పుదురు. గేరులో నున్న బండి ఒక్క ఉదుటున కదలి, ఎదుట నిలిచినవానిమీదనుండియే పోవును. రక్షణ స్విచ్చిని దాటించుటయన ప్రాణముతో పందెము వేయుటయే. ఇట్టి పనిని మగతనముగ చెప్పుకొను యువకులను పెద్దలు మందలింపవలెను.

మేము వర్తకులము గనుక కొందరు ఫిల్టర్లమ్ముకొనుటకే యీ వ్యాసమని తలంపవచ్చును. తలంచిననేమి, చౌకకు దొరకు నకిలీ ఫిల్టరును మా అంగడిలోనే యడిగినను కొనవలదని చెప్పుచున్నాము. అసలు ఆక్షేపణ వేరొకటి వినవచ్చుచున్నది. భాషాల్పసంఖ్యాకుల సంఘమునకు ట్రాక్టరుతో పనియేమి, బడులు చూచుకొనిన చాలదా యని. మాతృభాషలో ప్రాథమిక విద్యకు 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము కొరకు మన సంఘములు చేయు కృషి చేయవలసినదే. కాని బడిలో తెలుగు చదివిన పిల్లవానికి పొలములో తన యింజను గూర్చి తెలుగులో ఒక్క పుట దొరకనిచో, ఆ చదువు పండుగనాటి బట్టవలె పెట్టెలోనే యుండును. వాడు కన్నడము నేర్చుట మనకు సంతోషమే; ఇరుగుపొరుగుతో, కచేరీతో, బజారుతో అదియే మాట. ఇంటిలో తల్లియు, అవ్వయు కూడ బండి విషయము తెలిసికొనవలెనన్నచో తెలుగు పుట కావలెను. మగవారు పట్టణమునకు పోయిన యిండ్లలో ట్రాక్టరు కాపలా నేడు స్త్రీలదే.

కావున మా సూచన యిది. వచ్చు నీటివదలింపునకు మునుపు పైవిషయములు ఒకే కాగితముపై, ఒకవైపు తెలుగున, మరియొకవైపు కన్నడమున అచ్చువేసి ప్రతి క్యాంపు రామాలయపు గోడకు అంటింపవలెను. డ్రైవర్లలో కన్నడము మాత్రమే చదువువారు పలువురు గలరు. ఒక ఆదివారము అనుభవజ్ఞుడగు మెకానిక్కును పిలిపించి, పాత ట్రాక్టరొకటి ఎదుట నిలిపి, ఫిల్టరు విప్పి గాలి తీయుట అందరిచేతను చేయింపవలెను. అచ్చుకూలి మన వర్తకులు పంచుకొందురు. ట్రాక్టరు నిచ్చుటకు సమ్మతించు రైతులు సంఘము కార్యాలయమున పేరు వ్రాయింప గోరుచున్నాము.