రమణ గోగుల మనకేం బాకీ లేరు

ఈ సంక్రాంతికి మా చుట్టాల ఇళ్లలో ఎక్కడికి వెళ్లినా ఒకటే పాట. గోదారి గట్టు పాట. ఆ గట్టు మాకు రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, మా పటాన్‌చెరు, బీరంగూడ, ఇస్నాపూర్ వైపు కూడా ముగ్గులేస్తూ అదే, గాలిపటం ఎగరేస్తూ అదే. పాట అయిపోగానే ఎవరో ఒకరు అనేమాట కూడా ఒకటే: "ఇన్నేండ్లు ఏడికి పోయిండు ఈయన? పాడుకుంట ఉంటే ఏం పోయేది?"

నాకు ఆ మాట దగ్గరే పేచీ.

రమణ గోగుల మీద అభిమానంలో నేనెవరికీ తీసిపోను. 1998లో 'ప్రేమంటే ఇదేరా' వచ్చినప్పుడు నేను సంగారెడ్డిలో డిగ్రీ మొదటి సంవత్సరం, బి.ఏ. తెలుగు. పొద్దున క్లాసులో ప్రబంధాలు, సాయంత్రం ఇంట్లో ఆ క్యాసెట్టు. 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి'. కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే రెండు రోజులకు క్యాసెట్టు నింపి ఇచ్చేవాడు. నా కాగితంలో సగం ఆయన పాటలే. టేపు నలిగిపోతే పెన్సిలు పెట్టి తిప్పడం, తెగితే సెల్లో టేపు అంటించడం మా తరానికి తెలిసిన విద్యలే కదా.

అప్పట్లో అభిమాని అంటే మగపిల్లాడే. కటౌట్లు కట్టేది వాళ్లు, పాలు పోసేది వాళ్లు, మొదటి ఆటకు చొక్కాలు చింపుకునేది వాళ్లు. మాకు మొదటి రోజు కాదు గదా, మూడో వారం వెళ్లాలన్నా ఇంట్లో ఒక పెద్దమనిషి తోడు రావాలి. కాబట్టి మా అభిమానం లెక్కలోకి రాలేదు. కానీ పాటను పాటగా విన్నది ఎక్కువగా మేమేనని నా గట్టి అభిప్రాయం. బియ్యం ఏరుతూ, జడ వేసుకుంటూ, నోట్సు రాసుకుంటూ, ఒక్కొక్క పాటను వందసార్లు విన్నాం. హీరో లేకుండా, డ్యాన్సు లేకుండా, ఒట్టి గొంతే.

ఆ గొంతు ఏమంత గొప్పది? మా తెలుగు మేడమ్ విని చెవులు మూసుకున్నారు. "ఇది తెలుగేనా తల్లీ, ఒత్తులన్నీ ఎటు పోయినయి?" అన్నారు. అబద్ధం కాదు. బాలు గారి పాటలో ప్రతి అక్షరం స్నానం చేసి బొట్టు పెట్టుకుని వస్తుంది. ఈయన పాటలో అప్పుడే నిద్ర లేచి, జుట్టు కూడా దువ్వుకోకుండా వస్తుంది. కొంచెం బొంగురు, కొంచెం అరుపు, కొంచెం అమెరికా యాస. 'తమ్ముడు'లో ఒక పాటయితే మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. అదే సినిమాలో పవన్ కల్యాణ్ గొంతుతో పల్లె పాటల తునకలూ ఉన్నాయి. రెండూ ఒకే క్యాసెట్టులో పక్కపక్కనే ఇమిడిపోయాయి, మా ఊళ్లో ఎవరూ అర్థం కాలేదని అడగలేదు. సినిమా పాటంటే ఒకే రకం గొంతు ఉండాలనే నియమం ఎక్కడా రాసి లేదని నాకు తెలిసింది అప్పుడే. తప్పులతో సహా ఒక మనిషి గొంతు నచ్చవచ్చని కూడా.

ఆయన సంగతి కాస్త చెప్పుకుంటే, విశాఖపట్నం మనిషి. ఇంజనీరింగ్ చదువు. సినిమాల కంటే ముందే 'మిస్టీ రిథమ్స్' అని ఒక బ్యాండు పెట్టుకుని 1996లో 'ఏ లైలా' ఆల్బమ్ తెచ్చారు. తెలుగులో సొంత బ్యాండు, సొంత ఆల్బమ్ అనే మాటలు అప్పటికి మనకు కొత్త. తర్వాత పదేళ్లు సినిమాలు. 'జానీ', 'లక్ష్మి', 'యోగి'. ఆ పక్కనే టెక్నాలజీ ఉద్యోగాలు, వ్యాపారాలు నడుస్తూనే ఉన్నాయి. మెల్లగా సంగీతం వెనక్కి పోయింది, ఇంకో జీవితం ముందుకొచ్చింది. మళ్లీ 2024 డిసెంబరులో, భీమ్స్ సంగీతంలో, 'సంక్రాంతికి వస్తున్నాం' కోసం వెంకటేశ్‌కి పాడారు. 18 ఏళ్ల తర్వాత ఈ గొంతు అని ప్రచారం చేశారు. మొదట 1998లో పాడింది కూడా వెంకటేశ్‌కే. హీరోకీ వయసొచ్చింది, గాయకుడికీ వచ్చింది, వినేవాళ్లకీ వచ్చింది. పాటలో ఉన్నది కూడా మొగుడూ పెళ్లాల ముచ్చటే. అందుకే మాకంత నచ్చిందేమో. తోడు పాడింది మన మధుప్రియ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు 'ఆడపిల్లనమ్మా' పాడి అందరినీ ఏడిపించిన అమ్మాయి.

ఇంతకీ నా పేచీ. "ఇన్నేళ్లు ఎందుకు పాడలేదు" అనడం ప్రేమగానే అంటారు. కానీ ఆ మాటలో ఒక వసూలు ఉంది. మనం క్యాసెట్టు కొన్నాం కాబట్టి ఆయన జన్మంతా పాడాలి అన్నట్టు. మా మెదక్ వైపు ఇది ఇంకా పెద్ద ఎత్తున చూశాం. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ ఎంతమందికి పాట నేర్పారు! ఆయన 2018లో మొదటిసారి ఓటేశారని తెలిసి అలిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఆయన పాటలు పాడుకుంటూ పెరిగినవాళ్లే. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చిందీ వాళ్లే. పాట ఇచ్చిన మనిషి తన బతుకు కూడా మనకు రాసిచ్చాడని ఎందుకనుకుంటామో.

ఈ మాట నేను ఇంత పట్టుగా చెప్పడానికి మా ఇంట్లోనే కారణం ఉంది. మా పెద్దవాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఏడాది కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక గిటారు తెచ్చుకున్నాడు. మామూలు గిటారు కాదు, బేస్ గిటారు. నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. మీటితే బూమ్ అని ఒక గుసగుస తప్ప ఏమీ వినపడదు. వాళ్ల కాలేజీ బ్యాండులో అదే వాయిస్తాడు, ఈ మధ్య పాడుతున్నాడు కూడా. మా ఆయన పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేసి వచ్చి, ఆ గిటారు చూసి అన్న మొదటి మాట: "వాయించినా ఇనరాని దానికి పైసలు పెట్టుడెందుకురా?"

నాకూ అదే అనుమానం ఉండేది. వాడే కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, ఫోన్ స్పీకర్ల బేస్ సరిగ రాదు. చిన్న స్పీకరు అంత కింది స్వరం పలకలేదు. ఇగో, హెడ్‌ఫోన్ పెట్టుకో" అని ఇళయరాజా పాట పెట్టాడు. నలభై ఏళ్లుగా వింటున్న పాట. అందులో కింద ఇంకో పాట ఉంది! గొంతు ఒక దారిన పోతుంటే దాని కింద ఇంకెవరో చీకట్లో నడుస్తున్నట్టు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించినాయన పేరు శశిధరన్ అట. రెహ్మాన్ దగ్గర కీత్ పీటర్స్. మోహినీ డే అనే అమ్మాయి కూడా ఉంది, వేళ్లు కనపడనంత వేగం. ఇన్నేళ్లూ ఆ పాటలు వింటూ వీళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు.

తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు ఇలా తోచింది. పద్యంలో ప్రాస చెవికి తెలుస్తుంది, యతి కూడా కాస్త తెలుస్తుంది. గణాలు తెలియవు. కానీ ఒక్క గణం తప్పితే పద్యం కుంటుతుంది, ఎందుకో చెప్పలేకపోయినా వినేవాడు మొహం చిట్లిస్తాడు. బేస్ అంటే అదే. వాడికి ఈ మాట చెబితే "అమ్మా, గణమంటే ఏంది?" అన్నాడు. అది వేరే బాధ.

బేస్ వాయిస్తూ పాడటం మరీ కష్టమట. వేళ్లు ఒక లెక్కలో పోవాలి, గొంతు ఇంకో లెక్కలో. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్నీ మొదట మామూలు గిటారే వాయించేవాడు. 1961లో వాళ్ల బేస్ వాయించే స్నేహితుడు వెళ్లిపోతే, ఇంకెవరూ ముందుకు రాక అది ఈయన మీద పడింది. అలా మీద పడిన పనితో ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, ఎనభై దాటినా ఇంకా స్టేజి మీద అదే వాయిస్తూ పాడుతున్నాడు. ఇంట్లో ఎవరూ చెయ్యని పని మీద పడితే ఎలా ఉంటుందో మనకు కొత్తగా చెప్పాలా!

ఇప్పుడు మా ఇంట్లో తగాదా ఏంటంటే, తండ్రీ కొడుకులిద్దరికీ రమణ గోగులే సాక్షి. ఈయనేమో "చూడు, ఆయన ముందు సదువుకున్నడు, ఉద్యోగం చేసిండు, పాటలు ఎన్కకు పెట్టిండు, ఇప్పుడు పేరుకు పేరు, పైసకు పైస" అంటారు. వాడేమో "లే నాయినా, బ్యాండ్ ముందు పెట్టిండు, సినిమాలు ఉద్యోగం రెండూ చేసిండు" అంటాడు. ఇద్దరూ నా వైపు చూస్తారు, బి.ఏ. చదివిన జడ్జిని కదా.

ఇద్దరిదీ తప్పే అంటాను నేను. ఆయన బతుకు ఆయనది, మన పిల్లాడికి నమూనా కాగితం కాదు. తిరిగొచ్చి పాట హిట్టయింది కాబట్టి ఇప్పుడు అందరికీ ఆ మధ్యలో ఖాళీ ఏళ్లు కూడా అందంగా కనపడుతున్నాయి. తిరిగి రాకపోయినా, వచ్చిన పాట ఆడకపోయినా, 1998లో నేను విన్నది విననట్టు అవుతుందా?

మా మరిది సంగతి చూడండి. పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. రామచంద్రాపురం నుంచి జహీరాబాద్ దాకా ముహూర్తాల రోజుల్లో ఊపిరాడేది కాదు. మన వైపు ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారుకు వేరే మనిషిని పెట్టుకునేంత డబ్బు ఎక్కడిది, కీబోర్డు మీద ఎడమ చేత్తోనే బేస్ కూడా ఆయనే లాగించేవాడు. పర్మనెంటు ఉద్యోగం వచ్చింది, షిఫ్టులు పడ్డాయి, పెళ్లయింది, మానేశాడు. ఎవరూ "ఎందుకు మానినవ్" అని అడగలేదు, పైగా "కుదురుకున్నడు" అని మెచ్చుకున్నారు. పేరున్న మనిషి ఆపితే మనకు అన్యాయం జరిగినట్టు నిలదీస్తాం, ఇంట్లో మనిషి ఆపితే బుద్ధొచ్చిందంటాం. మొన్న పండక్కి వచ్చినప్పుడు గోదారి పాట మోగుతుంటే ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద ఆడుతూనే ఉంది. మావాడు చూసి "బాబాయ్, నీకు ఈ బేస్ లైన్ ఎర్కేనా?" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ రెండు గంటలు గదిలోంచి బయటికి రాలేదు. బూరెలు చల్లారిపోయాయి.

ఆయన్ని మళ్లీ ఆర్కెస్ట్రాకు వెళ్లమని నేను చెప్పను. ఆయన కూడా ఎవరికీ బాకీ లేడు. ఆ ఎడమ చేతిని గుర్తుపట్టినవాడు ఒకడు ఇంట్లో ఉన్నాడు, అది చాలనిపించింది.

మావాడి విషయంలో నేను ఇచ్చిన తీర్పు ఇది. సెమిస్టర్ ఫీజు మేం కడతాం, బ్యాక్‌లాగ్ లేకుండా చదవడం వాడి పని. యాంప్లిఫయర్ కావాలంటే సగం నేను వేస్తాను, సగం వాడు ట్యూషన్ చెప్పి సంపాదించాలి. రేపు ఉద్యోగం వచ్చాక గిటారు అటక మీద పెట్టినా నేను "ఎందుకు మానేశావ్" అని అడగను. మా ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. సెకండ్ షిఫ్టు వారమంతా సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా వాయించుకోమని మాత్రం ఆయనే టైము చెప్పారు. ఫస్ట్ షిఫ్టు వారం మాత్రం హెడ్‌ఫోన్లే. తెల్లారి ఐదింటికి లేవాలి కదా.