ఊరూ ఏరూ: ఒండ్రు కన్న పట్నం

ఈ నెల మనం కొంచెం దూరం పోదాం. బంగాళాఖాతం దాటి, వియత్నాం దేశపు దక్షిణపు కొసన ఉన్న కాన్ థో పట్నం చేరుదాం. యానాంలోని మన పాఠకులకు ఆ దేశం పేరు కొత్త కాదు. యానాంలో ఫ్రెంచివారి పెత్తనం 1954 జూన్ నెలలో ముగిసింది. మరుసటి నెలలోనే జెనీవా ఒడంబడిక జరిగి ఇండోచైనాలోనూ వారి పాలన ముగిసింది. గోదావరి పాయ ఒడ్డున ఒకటి, మెకాంగ్ పాయ ఒడ్డున ఒకటి, ఒకే జెండా కింద ఉండిన ఈ రెండు ఊళ్లూ ఆ పాలన చివరి రోజులను ఒకే ఏట చూచినవి.

మెకాంగ్ టిబెట్టు పీఠభూమిలో పుట్టి, ఆరు దేశాలను తడిపి, కంబోడియా రాజధాని నామ్ పెన్ దగ్గర రెండు పెద్ద పాయలవుతుంది. అందులో దక్షిణపు పాయ పేరు హౌ. దాని కుడిగట్టున, కాన్ థో అనే చిన్న ఏరు వచ్చి కలిసే చోట ఈ పట్నం ఉన్నది. సైగాన్ అని మనం ఎరిగిన హో చి మిన్ నగరానికి సుమారు 170 కిలోమీటర్లు. నది తొమ్మిది ముఖాలతో సముద్రంలో కలుస్తుందని వియత్నాంవారు దానికి తొమ్మిది డ్రాగన్ల నది అని పేరు పెట్టుకున్నారు. ఆ ముఖాలలో ఇప్పుడు కొన్ని మూసుకుపోయినవి.

సుమారు 40,000 చదరపు కిలోమీటర్ల ఈ డెల్టా అంతా నది మోసుకొచ్చిన ఒండ్రు. సముద్రమట్టానికి సగటున 80 సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నదని 2019లో ఒక పరిశోధన తేల్చింది. మన ఇళ్లలో పిల్లలు చదువుకునే బల్ల ఎత్తు అంతే ఉంటుంది. ఈ కొలత పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని పని చివర ఉన్నది.

ఈ నేల మొదట ఖ్మేరులది. ఆ తరువాత ఉత్తరం నుంచి వియత్నామీయులు, సముద్రం మీద చీనావారు వచ్చినారు. చీనాలో మాంచూ రాజులు గెలిచినప్పుడు వారి ఏలుబడి ఇష్టంలేక వలస వచ్చిన మాక్ కూ అనే వర్తకుడు హా తియెన్ రేవులో స్థిరపడి, అక్కడి దొర అయినాడు. ఆయనకు ఒక వియత్నాం స్త్రీ వల్ల కలిగిన కొడుకు మాక్ థియెన్ తు 1739లో హౌ నది ఒడ్డున త్రాన్ జాంగ్ అనే ఠాణా నెలకొల్పినాడు. అదే నేటి కాన్ థో. కాన్ థో అన్న పేరు వీణకూ కవిత్వానికీ సంబంధించిన మాట అని కొందరూ, ఒక చేపకు ఖ్మేరులు పెట్టిన పేరు అని కొందరూ అంటారు. రెండూ ఆ ఊరికి తగినవే.

ఫ్రెంచివారు 1867లో ఈ ప్రాంతాన్ని ఆక్రమించి, 1876లో కాన్ థోను ఒక జిల్లాకు ముఖ్యస్థానం చేసినారు. వారు మిగిల్చిపోయిన పెద్ద గుర్తు సా నో కాలువ. ఆవిరి యంత్రాలతో 1901 నుంచి 1903 వరకు తవ్విన ఈ కాలువ సుమారు 40 కిలోమీటర్లు. దానితో పడమటి చిత్తడినేలలు వరిపొలాలైనవి, ధాన్యం పడవల మీద సైగాన్ మరలకు పోయింది. అయితే ఆ భూములు ఎక్కువగా పెద్ద ఆసాముల పాలైనవి. నడుము వంచి నాట్లు వేసినవారు కౌలుదారులుగానే మిగిలినారు. అప్పులిచ్చినవారిలో మన తమిళనాటి నాట్టుకోట్టై చెట్టియార్లు కూడా ఉన్నారు. 1930 తరువాత ధాన్యం ధర పడిపోయినప్పుడు ఎందరో రైతుల భూములు అప్పుల కింద పోయినవి.

ఆ తరువాత యుద్ధాలు వచ్చినవి. వాటిని గూర్చి ఎందరో రాసినారు, మేము రాయబోవడం లేదు. యుద్ధం ముగిశాక జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పితీరాలి.

కాన్ థో విశ్వవిద్యాలయం 1966లో పుట్టింది. అక్కడ వో తోంగ్ సువాన్ అనే వరి శాస్త్రజ్ఞుడు పనిచేసేవారు. 1970ల చివర డెల్టా పొలాలకు సుడిదోమ పట్టింది. దోమపోటు అంటే ఏమిటో వ్యవసాయదారుల ఇళ్లలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. పచ్చగా ఉన్న చేను నాలుగు రోజులలో కాలినట్టు అయిపోతుంది. సువాన్ గారు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి దోమను తట్టుకునే ఐఆర్ 36 విత్తనాలు కొద్ది గ్రాములు తెప్పించినారు. కుదురుకు ఒక్క మొక్క చొప్పున నాటించి పెంచినారు. చాలినంత విత్తనం చేతికి రాగానే విశ్వవిద్యాలయంలో పాఠాలు ఆపించి, ఒక్కొక్క విద్యార్థికి కిలో విత్తనం చేతబెట్టి పల్లెలకు పంపినారు. చేను నిలిచింది, అన్నం దొరికింది. ఆ ఐఆర్ 36ను రూపొందించిన వారిలో ముఖ్యులు మన పంజాబులో పుట్టిన గురుదేవ్ సింగ్ ఖుష్ గారు. దాని వంశవృక్షంలో కటకం వరి పరిశోధన కేంద్రపు రకం కూడా ఒకటి ఉన్నదని చెబితే ఒడిషాలోని మన కుటుంబాలవారు సంతోషిస్తారు. ఈ ఇద్దరు పెద్దలకూ 2023లో వియత్నాంలోనే కలిపి ఒక బహుమానం ఇచ్చినారు. సువాన్ గారు 2024లో కాలధర్మం చెందినారు.

ఇక ఊరిని చూద్దాం. పట్నానికి 6 కిలోమీటర్ల దూరాన కై రాంగ్ అనే చోట నీటిమీద సంత జరుగుతుంది. తెల్లవారకముందే పడవలు చేరుతాయి. నీటిమీద కేకలు వినబడవు కనుక ప్రతి పడవకూ ఒక వెదురు గడ నిలిపి, అమ్మే సరుకును దానికి వేలాడదీస్తారు. అనాస ఉంటే అనాస, గుమ్మడి ఉంటే గుమ్మడి. గడకు ఇంటికప్పు ఆకు వేలాడితే పడవనే అమ్ముతున్నారని అర్థం! చదువురానివారికి కూడా అర్థమయ్యే బోర్డు ఇంతకంటే ఏమి కావాలి?

2016లో ఈ సంతకు జాతీయ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చింది. కాని వచ్చే పడవలు ఏటేటా తగ్గుతున్నవి. రోడ్లు పడినవి, లారీలు వచ్చినవి, ఒడ్డున కాంక్రీటు గోడ కట్టినారు. హౌ నదిమీద వంతెన కడుతుండగా 2007లో కొంతభాగం కూలి, 50 మందికి పైగా కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2010లో వంతెన తెరిచినారు. పూర్వం రేవులో గంటలకొద్దీ బల్లకట్టు కోసం కాచుకున్నవారు ఇప్పుడు నిమిషాలలో దాటిపోతున్నారు. రోగిని ఆసుపత్రికి తీసుకుపోయేవారికి అది దేవుడిచ్చిన వరం. పడవనే ఇల్లు చేసుకుని పిల్లలను పెంచిన సంతవారికి మాత్రం బతుకు ఒడ్డెక్కింది. ఈ రెండూ నిజమే.

2025 జూలైలో పొరుగున ఉన్న సోక్ ట్రాంగ్, హౌ జాంగ్ రాష్ట్రాలను కాన్ థోలో కలిపినారు. ఊరు కాగితంమీద పెరిగి సముద్రం దాకా పోయింది. అయితే సముద్రం కూడా ఊరివైపు వస్తున్నది. ఎగువన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతున్నది. పూర్వం ఏటా 16 కోట్ల టన్నులని లెక్కకట్టిన ఒండ్రులో ఇప్పుడు సగమైనా రావడం లేదు. మిగిలిన ఇసుకను కట్టడాలకు తోడుతున్నారు. బావులతో నేలలోని నీరు లాగినకొద్దీ నేల కుంగుతున్నది. 2016లోనూ, 2020లోనూ వేసవిలో ఉప్పునీరు ఏటివెంట చాలా దూరం ఎగబాకి, చేలను చెడగొట్టింది. పోటు ఎక్కువైన రోజులలో కాన్ థో వీధులలో మోకాలిలోతు నీరు నిలుస్తున్నది. పైన చెప్పిన 80 సెంటీమీటర్లు ఇప్పుడు పాఠకులకు గుర్తుకు రావాలి.

తాతలనాడు ఊరు విడిచి వచ్చి, పరభాషల నడుమ మన పలుకు కాపాడుకుంటున్నవాళ్లం మనం. కాన్ థోలో చీనావారు 1890లలో కట్టుకున్న గుడి నేటికీ నదికి ఎదురుగానే ఉన్నది. వచ్చినవారు ఎవరైనా కొన్నాళ్లకు ఆ నేలవారే అవుతారు. అయితే కాలికింద ఆ నేల ఉండాలి కదా! గోదావరి డెల్టాకు వచ్చే ఒండ్రు కూడా పూర్వమంత లేదని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. ఈసారి యానాం పోయినవారు రేవు దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఆ నీటి రంగు చూచి రండి. ఎర్రగా ఉంటే సంతోషం.